గుంతలోకి దిగే కోడి

కిల్యకోల్యో, జనవరి

తమ్ముడు నికనోర్‌కు అక్క ఫ్లొరిందా రాసేది.

నీ ఉత్తరం అందింది. ఆ ముళ్ళ అడవిలో, గ్యాసు బావుల దగ్గర నీకు పెద్ద పని ఇచ్చారని తెలిసి మీ బావ సెవెరో తోళ్ళ కార్ఖానా అంతా చాటింపు వేశాడు. "మా బామ్మర్ది మనుషులు చావకుండా చూసే ఆఫీసరు" అని. మా మామగారు వెంటనే "మరి మనం చావకుండా ఎవరు చూస్తార్రా?" అన్నారు. మీ బావ నా నల్లకోడిని చూపించాడు. అందరూ పడీ పడీ నవ్వారు.

కోడి సంగతి నీకెప్పుడూ రాయలేదు కదూ. తోళ్ళు ఊరబెట్టిన సున్నం నీళ్ళూ, యాసిడ్ నీళ్ళూ అన్నీ పోయి చేరే మడ్డి గుంత ఉంది మా దగ్గర. కొన్నాళ్ళకు అడుగున మడ్డి పేరుకుని కాలవ వెనక్కి తన్నుతుంది. అప్పుడు ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని దిగి, పారతో ఎత్తిపోయాలి. ఆ పనికి పెద్ద మా మామగారు దొన్ తెయోదోసియో. ఆయన వెనక మీ బావ. దిగే ముందు నా కోడిని బుట్టలో పెట్టి తాడు కట్టి కిందికి వదులుతారు. మామగారు పరలోక జపం ఒకసారి చదివి పైకి లాగుతారు. కోడి నిలబడి ఉంటే మనిషి దిగుతాడు. కూలబడి ఉంటే ఆ పూటకు పని లేదు, గుంత మూత తెరిచి వదిలేస్తారు.

దానికి ఇంజనీరమ్మ అని పేరు పెట్టారు. జీతం గుప్పెడు మొక్కజొన్న గింజలు. మొన్న ఒకసారి కళ్ళు తేలేసి పైకొచ్చింది. పనివాళ్ళకు నేను వండే వంటపాకలో ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు చిలకరిస్తే తేరుకుంది. యజమాని దొన్ ఎఫ్రాయీన్ వచ్చి "ఒక కోడి నా కార్ఖానా ఆపేసిందా" అని గింజుకున్నాడు. "మీరు దిగి చూడండి దొరా" అన్నారు మామగారు.

నీ ఆరోగ్యం చూసుకో. అక్కడ మన వేరుశెనగ సూపు దొరుకుతుందా?

నీ అక్క, ఫ్లొరిందా

*

విల్యామోంతెస్ దగ్గర క్యాంపు, ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత మళ్ళీ మొదటినుంచి చదివాను. మీరంతా ఒక కోడి మీద ప్రాణాలు పెట్టుకుని బతుకుతున్నారని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

ఆ గుంతలో పుట్టే గాలి మాకిక్కడ బావుల్లో కూడా వస్తుంది. కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. మీ సున్నం నీళ్ళలో కలిపే మందుకు యాసిడ్ నీళ్ళు తగిలాయంటే చాలు, అది బుస్సున లేస్తుంది. ఆ రెండు నీళ్ళూ వేరే వేరే కాలవల్లో పోవాలని, ఒకే గుంతలో కలవకూడదని దొన్ ఎఫ్రాయీన్‌కు ఎవరైనా చెప్పాలి. ఇంకొకటి, ఇది బావకు బాగా చెప్పు. గాలి కొంచెంగా ఉంటే ముక్కుకు తెలుస్తుంది. ఎక్కువైతే ముక్కే చచ్చిపోతుంది. కంపు పోయింది కదా అని మనిషి ధీమాగా దిగుతాడు. కంపు తగ్గితే భయపడాలి అక్కా, సంతోషించకూడదు.

బస్సు డ్రైవరు చేతికి ఒక పెట్టె ఇచ్చి పంపుతున్నాను. అరచేతిలో ఇముడుతుంది, చొక్కాకు తగిలించుకోవచ్చు. మాకు కొత్తవి వస్తే పాతది ఒకటి అడిగి తీసుకున్నాను. మీట నొక్కితే సున్నా చూపిస్తుంది. గాలిలో విషం ఉంటే అంకె పెరిగి కీచుమని అరుస్తుంది. గుంత దగ్గరికి పోయే ప్రతిసారీ ముందు దాని దగ్గర ఒక కుళ్ళిన గుడ్డు పగలగొట్టి చూడండి. అరిస్తే బతికుందన్నమాట. తర్వాత దాన్ని తాడుకు కట్టి దింపండి. లోపలికి ఫ్యానుతో గాలి కొట్టండి. దిగేవాడి నడుముకు తాడు ఉండాలి, ఆ తాడు పైన ఒకరి చేతిలో ఉండాలి.

ఇంజనీరమ్మను ఇక గుడ్లు పెట్టుకోనివ్వు.

తమ్ముడు, నికనోర్

*

కిల్యకోల్యో, మార్చి

తమ్ముడూ,

నీ పెట్టె భద్రంగా చేరింది. నువ్వు చెప్పినట్టే పొదిగే కోడి కింద మురిగిపోయిన గుడ్డు ఒకటి తెచ్చి పగలగొట్టాను. అది పెట్టిన కేకకు వంటపాకలో ఇద్దరు గరిటెలు వదిలేశారు. మీ బావ దాన్ని చొక్కాకు తగిలించుకుని మిలిటరీ వాడిలా తిరిగాడు.

కానీ నికనోర్, అది ఊరుకోదు. సున్నం తొట్టి దగ్గరికి పోతే అరుపు. తోళ్ళు తిప్పే డ్రమ్ము మూత తీస్తే అరుపు. అరిచినప్పుడల్లా జనం పని వదిలి బయటికి పరుగు. దొన్ ఎఫ్రాయీన్ తల పట్టుకున్నాడు. "ఇంతకంటే ఆ కోడే నయం, ఎప్పుడో ఒకసారి పడేది" అన్నాడు. అప్పుడు మామగారు అన్నారు, "కొత్తగా వచ్చింది, దాన్ని ఎవరూ భూమాతకు చూపించలేదు. కొత్త కోడలు ఏడవదా? ఇదీ అంతే. మంగళవారం సారా పోసి చాల్యా చేద్దాం, సర్దుకుంటుంది."

కార్నివాల్ మంగళవారం మనవాళ్ళు కొత్త లారీకి, కొత్త ఇంటికి, కొత్త కుట్టు మిషనుకు అన్నిటికీ చాల్యా చేస్తారు కదా. దీనికీ చేశారు. ఎంత బాగా చేశారో నువ్వు చూడాల్సింది. కాగితం పూలు చుట్టి, రంగు పొడి చల్లి, బల్ల మీద పెట్టారు. మామగారు నేల మీద ముందు భూమాత పాచమామాకు సారా పోశారు, తర్వాత పెట్టె మీద పోశారు. మీ బావ బీరు పోశాడు, బుసబుసా నురగొచ్చింది. దొన్ ఎఫ్రాయీన్ కూడా వచ్చి తన సీసాలోంచి ఒక చుక్క వేశాడు. అందరం "మా మనుషుల్ని కాపాడు తల్లీ" అని దణ్ణం పెట్టుకున్నాం. నాకు ఏడుపొచ్చింది, నువ్వు గుర్తొచ్చి.

ఆ రోజునుంచి పెట్టె నోరు మెదపలేదు. తొట్టి దగ్గర సున్నా, డ్రమ్ము దగ్గర సున్నా. మామగారి ముఖం చూడాలి, చాటంత అయింది. "చూశారా, నెమ్మదించింది" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు.

ఇంజనీరమ్మను రిటైర్ చేశారు. చాల్యా రోజే సూపు చేశాను. ముసలిది కదా, ఎంత ఉడికించినా మెత్తబడలేదు. "ఇంజనీర్లంతా ఇంతే" అన్నాడు మీ బావ.

అక్క

*

క్యాంపు, మార్చి

అక్కా,

ఇది అందగానే ఒక పని చెయ్యి. మళ్ళీ దాని దగ్గర కుళ్ళిన గుడ్డు పగలగొట్టి చూడు. ఎవరో చెప్తే నమ్మకు, నువ్వే చూడు.

ఆ పెట్టెకు ముందు వైపు నాణెమంత చిల్లు ఉంటుంది. దాని మీద పలచని గుడ్డ. అక్కడినుంచే అది ఊపిరి తీస్తుంది. సారా, బీరు, రంగు పొడి పోసి ఉంటే ఆ గుడ్డ గట్టిపడి మూసుకుపోయి ఉంటుంది. ఊపిరి ఆడనిది ఇక దేని వాసన చూస్తుంది? అది నెమ్మదించలేదక్కా, చచ్చిపోయింది. చచ్చిపోయి సున్నా చూపిస్తోంది.

తప్పంతా నాదే. తడపొద్దని రాయాలని నాకు తట్టలేదు. మనవాళ్ళు కొత్త వస్తువును చాల్యా చేయకుండా వదలరని నాకు తెలుసు. నేను పుట్టింది మన ఊళ్ళోనే కదా.

ఎవరూ దిగకూడదు. బావకు చెప్పు.

నికనోర్

*

కిల్యకోల్యో, మే

తమ్ముడూ,

గుడ్డు పగలగొట్టాను. నలుగురి ముందే పగలగొట్టాను, మధ్యాహ్నం భోజనాల దగ్గర. కంపుకు అందరూ ముక్కులు మూసుకున్నారు. పెట్టె మాత్రం సున్నా. నీ ఉత్తరం గట్టిగా చదివాను.

తర్వాత మామగారు చెంచా కింద పెట్టి అన్నారు, "గుడ్డు కంపుకు మనిషి చస్తాడా పిల్లా? చావడు. అందుకే అది అరవలేదు. ముందు దానికి గుడ్డుకీ గుంతకీ తేడా తెలిసేది కాదు, ఇప్పుడు తెలుసు." అందరూ నవ్వారు. దీనికి జవాబు నీ దగ్గరుంటే పంపు.

ఇంట్లో మీ బావ నామీద లేచాడు. "మా నాన్న పోసిన సారా వల్ల చచ్చిందని నలుగురిలో అంటావా? ఆయన చేతి చాల్యా వల్ల ఇన్నేళ్ళూ ఒక్కడు కూడా పోలేదు" అన్నాడు. "ఇన్నేళ్ళూ కోడి ఉంది" అన్నాను. "బీరు పోసింది నేను" అని గొంతు తగ్గించాడు. నమ్మాడో లేదో నాకు తెలియలేదు. నమ్మితే ఆ చేతుల్ని ఏం చేసుకుంటాడు పాపం.

ఇంకో సంగతి. కార్మిక శాఖ నుంచి ఒకాయన వచ్చాడు. పెట్టె చూసి మురిసిపోయాడు. ఇంత చిన్న కార్ఖానాలో ఇలాంటి యంత్రమా అని దొన్ ఎఫ్రాయీన్‌కు చెయ్యి కలిపి, అంతా సవ్యమని సంతకం పెట్టి పోయాడు. మర్నాడు నేను పొరుగింటి తెల్లకోడిని అడిగి తెస్తే దొన్ ఎఫ్రాయీన్ గేటు దగ్గరే ఆపాడు. "యంత్రం ఉన్న కార్ఖానాలో కోడేంటి ఫ్లొరిందా, నవ్విపోతారు" అన్నాడు. రెండు నీళ్ళ సంగతీ చెప్పాను. "కాలవ ఒకటే ఉంది, రెండోది నీ తమ్ముణ్ణి తవ్వమను" అన్నాడు.

గుంత నిండుకొస్తోంది. జూన్ చివర సాన్ హువాన్ పండగ దాటాక దిగాలంటున్నారు. నువ్వు ఒకసారి వస్తే బాగుండు. నా మాట వంటపాక దాటి పోవడం లేదు.

అక్క

*

క్యాంపు, జూన్

అక్కా,

సెలవు దొరికింది, బస్సెక్కాను. సగం దారిలో కోకా ఆకు రైతులు రోడ్డు మూసేశారు. చెట్లు నరికి అడ్డం వేశారు. లారీల వాళ్ళు చక్రాల కింద చాపలు పరుచుకుని పేకాట మొదలుపెట్టారు, ఇప్పట్లో లేచేలా లేరు. రెండు పూటలు చూసి వెనక్కొచ్చాను. ఈ ఉత్తరం కొండదారిన వచ్చే ఒక మనిషి చేతికి ఇస్తున్నాను.

కార్ఖానాకు ఫోన్ చేశాను. దొన్ ఎఫ్రాయీన్ ఎత్తాడు. "యంత్రం చక్కగా పనిచేస్తోంది నికనోర్, ప్రభుత్వం సంతకం కూడా ఉంది. మీ అక్కను వంట చూసుకోమను" అన్నాడు. మిషను చచ్చిందని అరిచాను. లైను బాగాలేదని పెట్టేశాడు. అంత దూరంలో ఉన్న మనిషి గొంతు పట్టుకోలేను కదా.

మామగారికి నా దగ్గర జవాబు లేదక్కా. యంత్రం గురించి అడిగితే చెప్పగలను. ఆయన అడిగింది యంత్రం గురించి కాదు.

ఇక ఒకటే చెప్తాను, ఇది ఎవరికీ చదివి వినిపించకు. పోయినేడు మా దగ్గర ఒకతను ట్యాంకులో పడ్డాడు. తీద్దామని అతని అన్న దిగాడు. ఆయన్ని తీద్దామని ఇంకొకడు. మొదటివాడు ఎలాగూ దక్కడు, మిగతావాళ్ళు పోయింది ప్రేమకొద్దీ. మీ దగ్గర ఎవరైనా పడితే రెండోవాణ్ణి దిగనివ్వకు. అది బావే అయినా సరే. మీద పడి కూర్చో. తిట్టినా కొట్టినా లేవకు. ముందు గాలి, తర్వాతే మనిషి.

నికనోర్

*

కిల్యకోల్యో, జులై

నికనోర్,

మామగారు పోయారు. మీ బావ బతికున్నాడు.

రోడ్డు తెరిచినా నువ్వు రావద్దు. మీ బావ నిన్ను చూడలేనన్నాడు. నన్ను కూడా చూడటం లేదు.

ఫ్లొరిందా

*

క్యాంపు, ఆగస్టు

అక్కా,

రావద్దన్నావు కాబట్టి రాలేదు. రాసి చించి, రాసి చించి ఇది పంపుతున్నాను.

నేను పెట్టె పంపకపోతే కోడి ఉండేది. కోడి ఉంటే ఆయన ఉండేవారు. ఇక్కడ ఎవరికి చెప్పినా "నువ్వు మంచికే చేశావు" అంటున్నారు. ఆ మాట వింటే ఒళ్ళు మండుతోంది. కొత్త కుర్రాళ్ళకు పాఠం చెప్పేటప్పుడు పెట్టె చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టేస్తున్నాను.

బావకు నా మీద కోపం ఉంటే ఉండనీ. నీ మీద ఎందుకు? నువ్వు ఏం చేశావు? రాయగలిగినప్పుడు రాయి. ఆ పెట్టె మాత్రం నాకు తిప్పి పంపించు, ఇంకెవరి చొక్కాకూ ఎక్కకూడదు.

నికనోర్

*

కిల్యకోల్యో, నవంబరు

తమ్ముడూ,

ఇన్నాళ్ళూ చెయ్యి రాలేదు. నిన్న చనిపోయినవాళ్ళ పండగ. మామగారికి నైవేద్యాల బల్ల వేశాం. రొట్టె బొమ్మలు, చెరకు గడలు, ఆయనకిష్టమైన మొక్కజొన్న కల్లు చిచా. అంతా అయ్యాక ఇక నీకు రాయాలనిపించింది.

ఆ రోజు దిగాల్సింది మీ బావ. బూట్లు తొడుక్కుంటుంటే మామగారు వచ్చి పార లాక్కున్నారు. "నా కోడలు నా చాల్యా చెడిందంటోంది. నేనే దిగి చూపిస్తా" అన్నారు నలుగురికీ వినపడేలా. తాడు కట్టబోతే "నేనేం మేకనా" అని తోసేశారు. నేను వంటపాకలోంచి పరిగెత్తుకొచ్చాను. పెట్టె ఆయన చొక్కాకు వేలాడుతోంది, కాగితం పూవు ఇంకా దానికే ఉంది.

నిచ్చెన సగం దిగారు. "కంపు కూడా లేదు" అని అరిచారు. ఆ మాటే నువ్వు రాశావు కదా. పైకి రమ్మని కేకేశాను. తర్వాత చప్పుడు కూడా లేదు, బట్ట జారినట్టు జారిపోయారు.

మీ బావ దూకబోయాడు. వెనకనుంచి నడుము పట్టుకుని పడేశాను. అతని కాళ్ళ మీద కూర్చున్నాను. ఇంకో ఇద్దరు భుజాలు తొక్కిపట్టారు. "మా నాన్నే, మా నాన్నే, వదులు" అని అరిచాడు. నా చెయ్యి కొరికాడు, ఆ గాటు ఇప్పటికీ ఉంది. నేను లేవలేదు. తోళ్ళు ఆరబెట్టే ఫ్యాను ఈడ్చుకొచ్చి లోపలికి గాలి కొట్టారు. ఆ తర్వాతే కొక్కెంతో పైకి తీశారు. అంతసేపూ మీ బావ నా కింద ఏడుస్తూనే ఉన్నాడు.

ఊళ్ళో సగం మంది, పెళ్ళాం పట్టుకోబట్టి తండ్రిని పోగొట్టుకున్నాడంటున్నారు. దొన్ ఎఫ్రాయీన్ పూలదండ పంపాడు. సంతకం కాగితం ఉంది కాబట్టి ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు. కాలవ ఒకటే ఉంది ఇంకా. మామగారి పని మీ బావకు ఇచ్చారు, చేయనంటే పనిలోంచి పొమ్మన్నారు. కానీ కోడి లేనిదే ఎవరూ దిగమని మిగతావాళ్ళు గట్టిగా నిలబడ్డారు. యజమాని ఒప్పుకోక తప్పలేదు. కోడి నమ్మదగిందేమీ కాదని నువ్వంటావు, నాకూ తెలుసు. నా దగ్గర ఉన్నది అదే.

నువ్వు అడిగిన పెట్టె పంపలేను. మీ బావ దాన్ని తుడిచి, నిన్న బల్ల మీద మామగారి ఫోటో పక్కన పెట్టాడు. మీట నొక్కి చూస్తున్నాడు. సున్నా.

ఇప్పుడు నీకొక్కడికే ఒక మాట. నిచ్చెన మీద కాలు పెట్టే ముందు మామగారు టోపీ తీసి నా చేతికిచ్చారు. ఇస్తూ నా చెవి దగ్గర అన్నారు, "నీ గుడ్డు సంగతి నాకు ఆ రోజే అర్థమైంది పిల్లా. నేను దిగకపోతే వాడు దిగుతాడు. వాణ్ణి పట్టుకో." నేను నోరు తెరిచేలోగా ఆయన నిచ్చెన మీద ఉన్నారు. పోసిన సారా నలుగురి ముందు వెనక్కి తీసుకోలేకపోయారు నికనోర్, అంతే. నేను ఆ టోపీ పట్టుకుని ఉన్నాను. ఆ చెయ్యి ఆయన చొక్కా పట్టుకుని ఉంటే సరిపోయేది.

ఈ మాట మీ బావకు చెప్తే నన్ను క్షమిస్తాడు. కానీ తండ్రి తెలిసి తెలిసి తన బదులు దిగాడని తెలిస్తే, తనను తాను ఎలా క్షమించుకుంటాడు? అందుకే చెప్పలేదు. నువ్వు కూడా చెప్పకు. నన్నే తిట్టుకోనీ.

గుంత పని ఉన్న రోజు నేను కోడిని తెచ్చి దూరంగా నిలబడతాను. మీ బావ తాడు వదులుతాడు, తండ్రి చదివినట్టే జపం చదివి లాగుతాడు. నా వైపు చూడకుండా "నిలబడిందా?" అంటాడు. బుట్టలోకి చూసి "నిలబడింది" అంటాను. మా ఇంట్లో ఇప్పుడు మాటలంటే అవే. రేపు మళ్ళీ గుంత పని ఉంది, కోడికి గింజలు నానబెట్టాలి.

నీ అక్క, ఫ్లొరిందా